మన వీధిలో ఎయిర్‌బీఎన్‌బీ ఇల్లు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ చుట్టుపక్కల అద్దె ఇళ్లు చూసుకోవడం నా వృత్తి. తొమ్మిదేళ్లుగా ఇదే పని. ఏడాది లీజుకిచ్చే ఇళ్లూ చూస్తాను, ఎయిర్‌బీఎన్‌బీ లాంటి యాప్‌ల ద్వారా రెండు మూడు రోజులకిచ్చే ఇళ్లూ (షార్ట్ టర్మ్ రెంటల్స్) చూస్తాను. ఓనర్లలో సగానికి పైగా మనవాళ్లే. వాళ్ల పక్కిళ్లలో ఉండేవాళ్లలోనూ మనవాళ్లు చాలామందే. అందుకే ఏదో ఒక సిటీ కౌన్సిల్‌లో ఇలా రోజుల లెక్కన ఇళ్లు ఇవ్వడాన్ని ఆపాలా వద్దా అన్న చర్చ మొదలైన ప్రతిసారీ నాకు రెండు వైపుల నుంచీ ఫోన్లు వస్తాయి. రెండు వైపులా నమ్మకంగా చెప్పే మాటల్లో నిజం కానివి కొన్ని ఉన్నాయి.

అపోహ: నా ఇల్లు, నా ఇష్టం. మధ్యలో సిటీకేం పని?

వాస్తవం: ఆ ఇల్లు ఏ సిటీలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫోర్ట్‌వర్త్‌లో నివాస జోన్లలో షార్ట్ టర్మ్ రెంటల్స్‌కు అనుమతి లేదు. ఆర్లింగ్టన్ 2019లో స్టేడియంల చుట్టూ సుమారు ఒక మైలు మేర ప్రత్యేక జోన్ గీసి, మామూలు ఇళ్ల వీధుల్లో ఈ వ్యాపారాన్ని అక్కడికే పరిమితం చేసింది. ప్లేనో 2023లో కొత్తవాటిని తాత్కాలికంగా ఆపి, 2024లో దాన్నే శాశ్వతం చేసింది. డాలస్ కౌన్సిల్ 2023 జూన్‌లో ఇళ్ల వీధుల్లో వీటిని నిషేధిస్తూ ఓటేసింది. డిసెంబరులో కోర్టు ఆ నిబంధనల అమలును ఆపేసింది. 2025 జూలైలో అప్పీల్ కోర్టు కూడా ఆ ఉత్తర్వునే నిలబెట్టింది.

గంట డ్రైవ్ లోపల ఇన్ని రకాల రూల్స్. ‘మా ఫ్రెండ్ చేస్తున్నాడు కదా’ అని ఇల్లు కొని, క్లోజింగ్ (కొనుగోలు పూర్తి) అయ్యాక నాకు ఫోన్ చేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ ఫ్రెండ్ ఇల్లు ఉన్నది ఇంకో సిటీలో.

అలాగని సిటీలు కూడా ఏది పడితే అది చేయలేవు. ఓనరు నివసించని రెంటల్స్‌ను నివాస ప్రాంతాల నుంచి తీసేయాలన్న ఆస్టిన్ నిబంధనను 2019లో అప్పీల్ కోర్టు కొట్టేసింది.

అపోహ: మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం) కాగితాల్లో ‘నివాసానికి మాత్రమే’ అని ఉంది. ఇంక టెన్షన్ లేదు.

వాస్తవం: ఆ ఒక్క మాట సరిపోదు. శాన్ ఆంటోనియో దగ్గరి ఒక కాలనీ కేసులో 2018లో టెక్సస్ సుప్రీంకోర్టు తేల్చిన విషయమిది. వచ్చినవాళ్లు ఆ ఇంట్లో తిని పడుకుంటున్నంతవరకు అది నివాసమే, కనీసం ఇన్ని రోజులు ఉండాలని కాగితాల్లో రాసి లేదు కదా, అంది కోర్టు. ఆ తీర్పు తర్వాత చాలా హెచ్‌ఓఏలు కనీస లీజు ఆరు నెలలనో, ఏడాదనో స్పష్టంగా రాసుకోవడం మొదలుపెట్టాయి. ఆ సవరణకు సాధారణంగా ఓనర్ల ఓట్లలో 67 శాతం కావాలి. మీటింగుకు పది మంది వస్తే గొప్ప అనుకునే కాలనీలో అన్ని ఓట్లు కూడగట్టాలంటే ఇంటింటికీ తిరగాల్సిందే.

అపోహ: వచ్చేవాళ్లంతా పార్టీల కోసమే వస్తారు.

వాస్తవం: నా బుకింగుల్లో ఎక్కువ భాగం మనవడి గ్రాడ్యుయేషన్‌కు వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు, ఇల్లు అమ్మేసి కొత్తది చేతికి రానివాళ్లు, వైద్యం కోసం వచ్చినవాళ్లు. వాళ్లు వచ్చిందీ వెళ్లిందీ వీధిలో ఎవరికీ తెలియదు. కానీ ఒక్క రాత్రి చాలు, ఏడాది మంచితనం అంతా గంగలో కలిసిపోవడానికి.

మూడేళ్ల కిందట ఒక శనివారం రాత్రి ఒంటిగంట నలభైకి నాకు ఫోన్ వచ్చింది. ఆ ఇల్లు నేను చూసేది కూడా కాదు. అదే వీధిలో ఇంకో ఇంటి ముందు నా బోర్డు మీద నంబరు చూసి చేశారావిడ. నర్సు. ఉదయం ఆరింటికి డ్యూటీ. నేను వెళ్లేసరికి కల్‌డిసాక్‌లో (దారి మూసుకుపోయే వీధి చివర) పదకొండు కార్లు, ఆవిడ డ్రైవ్‌వేకి అడ్డంగా ఒక పికప్ ట్రక్, పూల మొక్కల్లో ఎర్రటి ప్లాస్టిక్ గ్లాసులు. స్విమ్మింగ్ పూల్ పక్కన స్పీకర్ల మోతకు ఆవిడ కిటికీ అద్దం అదురుతోంది. బుక్ చేసింది ఆరుగురి పేరు మీద. లోపల నలభై మంది ఉంటారు, బుక్ చేసిన మనిషి మాత్రం లేడు. ఓనరు వేరే రాష్ట్రంలో ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని నిద్రపోతున్నారు. పోలీసులు వచ్చేసరికి మూడైంది.

ఆవిడ ఎవరినీ తిట్టలేదు. ‘ఈ ఇంటి ఓనరు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు’ అన్నారు, అంతే. ఈ చర్చలో ఎంతమంది మాట్లాడినా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. 2019లో కాలిఫోర్నియాలోని ఒరిండాలో ఇలాంటి ఇంట్లో హాలోవీన్ పార్టీలో కాల్పులు జరిగి ఐదుగురు చనిపోయాక, 2020లో ఎయిర్‌బీఎన్‌బీ పార్టీలను నిషేధించింది. మంచిదే. కానీ రాత్రి రెండింటికి ఆ గుమ్మం ముందు నిలబడి తలుపు కొట్టాల్సింది మనిషే. గంటలోపు ఇంటి దగ్గరికి రాగల స్థానిక బాధ్యుడు ఉండాలని చాలా సిటీలు రూల్ పెడుతున్నది అందుకే. కౌన్సిల్‌లో నాకు మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు నేనూ అదే అడిగాను. పూర్తి నిషేధం వద్దు. ఆ బాధ్యుడి నంబరు చుట్టూ ఉన్న ప్రతి ఇంటికీ ఇవ్వాలి. బెడ్‌రూమ్‌కు ఇద్దరు, పైన ఇంకో ఇద్దరు, అంతకు మించకూడదు. పదే పదే ఫిర్యాదులొస్తే పర్మిట్ పోవాలి.

అపోహ: వీటిని ఆపేస్తే అద్దెలు దిగొస్తాయి.

వాస్తవం: ప్రభావం ఉంది, కానీ మనం ఆశించినంత కాదు. అమెరికా అంతటి వివరాలతో 2021లో వెలువడిన ఒక ప్రముఖ అధ్యయనం ప్రకారం, ఒక ప్రాంతంలో లిస్టింగులు 1 శాతం పెరిగితే అద్దెలు 0.018 శాతం, ఇళ్ల ధరలు 0.026 శాతం పెరుగుతాయి. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి 30 రోజుల లోపు ఇవ్వాలంటే ఓనరు అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. లిస్టింగులు ఒక్కసారిగా పడిపోయాయి. అద్దెలు మాత్రం దిగిరాలేదు.

అపోహ: ట్యాక్స్ అంతా యాప్ వాళ్లే కట్టేస్తారు.

వాస్తవం: టెక్సస్ రాష్ట్రానికి వెళ్లే 6 శాతం హోటల్ ట్యాక్స్‌ను ఎయిర్‌బీఎన్‌బీ 2017 నుంచి వసూలు చేసి కడుతోంది. సిటీకి వెళ్లేది వేరు. చాలా చోట్ల అది మనమే ఫైల్ చేయాలి.

అపోహ: హెచ్1బీ మీద ఉన్నా ఫరవాలేదు, అద్దె ఆదాయమేగా.

వాస్తవం: ఇల్లు కొని అద్దెకివ్వడం ఒకటి. రోజూ గెస్టులకు మెసేజ్‌లు పెడుతూ, దుప్పట్లు మార్చుతూ, చెకిన్లు చూస్తూ మీరే నడపడం ఇంకొకటి. రెండోదాన్ని ఉద్యోగం కింద లెక్కగట్టే ప్రమాదం ఉంది. లిస్టింగ్ పెట్టకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి లైన్లో ఉన్నవాళ్లు వారాంతపు డబ్బుల కోసం ఆ రిస్కు తీసుకోవద్దు.

అపోహ: లీజు కంటే రెట్టింపు మిగులుతుంది.

వాస్తవం: వచ్చేది వేరు, మిగిలేది వేరు. ఆ పార్టీ జరిగిన ఇంటి ఓనరు తర్వాత నా దగ్గరికే వచ్చారు. కూర్చుని ఏడాది లెక్క రాశాం. క్లీనింగ్, కరెంటు, పూల్, ఫర్నిచర్, మేనేజ్‌మెంట్ ఫీజు, హోటల్ ట్యాక్స్, మామూలు హోమ్ పాలసీ పనికిరాదు కనుక వేరే ఇన్సూరెన్స్, జనవరి ఫిబ్రవరుల్లో ఖాళీ. అన్నీ తీసేశాక లీజుకూ దీనికీ తేడా నెలకు రెండు వందల డాలర్లు కూడా లేదు. లీజుకే ఒప్పుకున్నారు.

ఇప్పుడా ఇంట్లో వరంగల్ నుంచి వచ్చిన కుటుంబం ఉంటోంది. పక్కింటావిడ దగ్గర నా నంబరు ఇంకా ఉంది. పోయిన నెల ఫోన్ చేసి, వాళ్ల ఫెన్స్ పక్కన స్ప్రింక్లర్ పైపు పగిలి నీళ్లు పోతున్నాయని చెప్పారు.