ఛారిటీ షాపులో కొత్త సరుకు: బ్రిటన్‌లో ఒక పాత తగువు

బ్రిటన్‌లో ఏ ఊరి బజారుకు వెళ్లినా ఒకటో రెండో ఛారిటీ షాపులు కనిపిస్తాయి. జనం ఇచ్చిన బట్టలు, పుస్తకాలు, గాజు సామాను అమ్మి, వచ్చిన డబ్బును సేవా సంస్థకు పంపుతాయవి. దేశం మొత్తం మీద ఇలాంటివి 10 వేలకు పైమాటే. అయితే వాటిలో చాలాచోట్ల ఇప్పుడు గ్రీటింగ్ కార్డులు, సాక్సులు, చాక్లెట్లు, పిల్లల బొమ్మలు సరికొత్తగా వరుసలు తీరి ఉంటున్నాయి. అవి ఎవరో ఇచ్చినవి కావు, సంస్థ డబ్బు పెట్టి కొని తెచ్చినవి. అదే వీధిలో అవే కార్డులు అమ్ముకుని బతికే చిన్న వ్యాపారికి ఇది మింగుడు పడదు. తను పూర్తి పన్ను కడుతూ, పనివాళ్లకు జీతాలిస్తూ నెట్టుకొస్తుంటే, రాయితీలున్న షాపు తనతో పోటీకి రావడం ఏం న్యాయమని అడుగుతాడు. సంచి నిండా బట్టలు తెచ్చి ఇచ్చినవాళ్లలోనూ కొందరికి ఈ కొత్త సరుకు చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఛారిటీ షాపు ఒకప్పుడు పాత సామానుకే పరిమితమై, ఈమధ్యే దారి తప్పిందన్న మాట తరచూ వినిపిస్తుంది. చరిత్ర చూస్తే అలా లేదు. తొలినాటి ఛారిటీ షాపుల్లో ఒకటి 1899లో వుల్వర్‌హాంప్టన్‌లో అంధుల సంఘం తెరిచింది. అక్కడ అమ్మినవి చూపులేనివాళ్లు తమ చేతులతో తయారుచేసిన కొత్త వస్తువులు. అంటే తొలిరోజుల నుంచే ఈ షాపుల్లో కొత్త సరుకు ఉంది.

‘ఇచ్చినవే అమ్మాలి’ అన్న నియమం యుద్ధకాలంలో గట్టిపడింది. 1941లో రెడ్ క్రాస్ లండన్‌లోని ఓల్డ్ బాండ్ స్ట్రీట్‌లో షాపు తెరిచింది. యుద్ధం ముగిసేలోపు దేశంలో అలాంటివి రెండు వందలకు పైగా వెలిశాయి. వీటికి లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వ వాణిజ్య శాఖ, బోర్డ్ ఆఫ్ ట్రేడ్, ఒక షరతు పెట్టింది: అమ్మే ప్రతి వస్తువూ దానంగా వచ్చినదే అయి ఉండాలి, కొని తెచ్చి అమ్మడం నిషేధం. బట్టలకు కూడా రేషన్ కూపన్లు నడుస్తున్న రోజులవి. చాలామంది యజమానులు దుకాణాన్ని అద్దె లేకుండా వాడుకోనిచ్చారు. నా ఉద్దేశంలో, ఛారిటీ షాపు అనగానే ఇవాళ్టికీ జనం మనసులో మెదిలే బొమ్మ ఆ షరతు నుంచి పుట్టిందే.

1947లో ఆక్స్‌ఫర్డ్‌లోని బ్రాడ్ స్ట్రీట్‌లో ఆక్స్‌ఫామ్ అనే సేవా సంస్థ తన షాపు తెరిచింది. అదీ దానంగా వచ్చినవాటితోనే నడిచింది. కానీ 1950ల చివరికల్లా చైనా శరణార్థులు చేసిన చేతిపని వస్తువులు ఆక్స్‌ఫామ్ షాపుల్లోకి వచ్చాయి. తర్వాతి దశాబ్దంలో పేద దేశాల చేతివృత్తులవాళ్ల దగ్గర సరుకు కొని అమ్మడం ఒక పెద్ద కార్యక్రమంగా మారింది. సరుకు తయారుచేసిన మనిషికి న్యాయమైన ధర ముట్టజెప్పడమే ఇక్కడ సేవ, అమ్మగా మిగిలే లాభం రెండో సంగతి. 1991లో కెఫేడైరెక్ట్ కాఫీ కంపెనీని, 1992లో ఇలా న్యాయమైన ధరకు కొన్న సరుకుకు ముద్ర వేసే ఫెయిర్‌ట్రేడ్ ఫౌండేషన్‌ను నిలబెట్టిన సంస్థల్లో ఆక్స్‌ఫామ్ ఒకటి. కొత్త సరుకు మొత్తాన్నీ ఒకే గాటన కట్టేవాళ్లు ఈ భాగాన్ని మరిచిపోతున్నారు.

గొడవకు అసలు మూలం స్థానిక కౌన్సిళ్లు వ్యాపార స్థలాల మీద వేసే ‘రేట్స్’ పన్ను. సేవకు వాడే స్థలాలకు అందులో రాయితీ ఉండేది. మరి షాపు సేవాస్థలం అవుతుందా? ఆక్స్‌ఫామ్‌కూ బర్మింగ్‌హామ్ కౌన్సిల్‌కూ మధ్య ఈ వ్యాజ్యం అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా కూడా పనిచేసిన పార్లమెంటు ఎగువ సభ, హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 1975లో తీర్పు ఆక్స్‌ఫామ్‌కు వ్యతిరేకంగా వచ్చింది. సేవ కోసం డబ్బు సంపాదించడం వేరు, సేవ చేయడం వేరు అని న్యాయమూర్తులు తేల్చారు. తర్కంగా చూస్తే ఆ మాటను తోసిపుచ్చలేం. కానీ అది అలాగే నిలిచి ఉంటే షాపులకు పెద్ద దెబ్బే తగిలేది. మరుసటి ఏడాదే పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి, షాపు ‘పూర్తిగా గానీ ప్రధానంగా గానీ’ దానంగా వచ్చిన వస్తువులు అమ్మితే, ఆ డబ్బు సేవకు పోతే, రాయితీ వర్తిస్తుందని చెప్పింది. 1988 నాటి చట్టం ఆ మాటల్నే తీసుకుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇప్పుడు రాయితీ 80 శాతం. మిగతా 20 శాతం మాఫీ చేయాలా వద్దా అన్నది కౌన్సిల్ ఇష్టం.

‘ప్రధానంగా’ అన్న ఆ ఒక్క మాటలోంచే కొత్త సరుకుకు దారి దొరికింది. సగానికి మించి దానంగా వచ్చినవి ఉంటే చాలని మామూలుగా అర్థం చెప్పుకుంటారు. అయితే సగం అంటే దేనిలో సగం? అల్మారాల చోటులోనా, వస్తువుల లెక్కలోనా, గల్లాపెట్టెలో పడ్డ డబ్బులోనా? చట్టం చెప్పలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఏ కంపెనీ అయినా అమ్ముడుపోని కొత్త చొక్కాలను ఉచితంగా ఇస్తే అవి దానం కిందికే వస్తాయి. ట్యాగు కూడా తీయని చొక్కా మీద వ్యాపారి ఫిర్యాదు చేసినా చట్టం దృష్టిలో తప్పేమీ ఉండదు. వస్తువు కొత్తదా పాతదా అని చట్టం అడగదు, ఇచ్చినదా కొన్నదా అనే చూస్తుంది.

మిగతా పన్నుల దగ్గర మాత్రం కొన్న సరుకుకు అంత వెసులుబాటు లేదు. ఒకే కౌంటర్ మీద రెండు వస్తువులు పెట్టి చూద్దాం. దానంగా వచ్చిన జాకెట్టును 6 పౌండ్లకు అమ్మితే వ్యాట్ సున్నా, 6 పౌండ్లూ సంస్థవే. అదే 6 పౌండ్లకు కొత్త కార్డుల పెట్టె అమ్మితే అందులో 1 పౌండు వ్యాట్ కింద పోతుంది. మిగిలిన 5 పౌండ్లలో కార్డుల కొనుగోలు ఖర్చు తీసెయ్యాలి. పైగా కొని అమ్మడం వ్యాపారం కింద లెక్క కాబట్టి, చిన్న మొత్తం దాటితే సంస్థలు దానికోసం విడిగా ఒక కంపెనీ పెట్టుకుని, ఆ కంపెనీ లాభాన్ని విరాళంగా రాయించుకుంటాయి.

ఇంత తక్కువ మిగిలేదానికి ఈ తంటా ఎందుకంటే, దానం మనం పిలిచినప్పుడు రాదు. డిసెంబరులో కార్డులు కావాలంటే అవి సంచుల్లో వచ్చి పడవు. వచ్చే బట్టల్లోనూ నాసిరకం ఎక్కువైందని, నాలుగు ఉతుకులకే సాగిపోయేవి సార్టింగ్ గదిలోనే ఆగిపోతున్నాయని షాపులు నడిపేవాళ్లు మొత్తుకుంటున్నారు. బాగున్నవాటిని జనం ఫోన్ యాప్‌లలో తామే అమ్ముకుంటున్నారు. అద్దె, కరెంటు బిల్లు మాత్రం ప్రతి నెలా వస్తాయి.

అందుకని కొత్త సరుకును నిషేధించమనే వాదనతో నేను ఏకీభవించను. కానీ చిన్న వ్యాపారి ఫిర్యాదును ఈర్ష్య అని కొట్టిపారేయడం అన్యాయం. అద్దాల వెనక సగం దాకా కొన్న సరుకు నింపుకున్న షాపుకూ, మూలన ఒక స్టాండు పెట్టుకున్న షాపుకూ ఒకే 80 శాతం రాయితీ అందుతోంది. ‘ప్రధానంగా’ను దేనితో కొలవాలో పార్లమెంటు చట్టంలోనే రాయాలి. ఈలోగా సంస్థలు ఏది ఇచ్చినదో ఏది కొన్నదో లేబుల్ మీద చెప్పాలి, కొన్న సరుకు మీద ఖర్చులు పోను ఎంత మిగిలిందో ఏటా విడిగా ప్రకటించాలి.