దొనకొండ లైనులో చిన్న స్టేషన్లు ఎలా బోసిపోయాయి

స్టేషన్లను బాగుచేయడానికి 2023లో మొదలైన అమృత్ భారత్ పథకంలో గుంటూరు–గుంతకల్లు లైను మీది దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లకు చోటు దక్కింది. సంతోషమే. వాటి మధ్యనున్న చిన్న స్టేషన్ల సంగతి అడిగితే మాత్రం ఎప్పుడూ ఒకటే జవాబు: అక్కడ ఎక్కేవాళ్లు లేరు. ఎక్కేవాళ్లు ఎందుకు లేకుండా పోయారో తెలియాలంటే ఈ లైను పుట్టుక దగ్గర నుంచి చూడాలి.

1876–78 నాటి ధాత కరువులో మెట్ట తాలూకాలు మాడిపోయాయి. అప్పట్లో గిద్దలూరు, కంభం, మార్కాపురం కర్నూలు జిల్లావి. దర్శి, పొదిలి నెల్లూరు జిల్లావి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లోనే. ఒకచోట గింజలున్నా ఆకలితో ఉన్న ఊరికి చేర్చే దారి లేక జనం, గొడ్లు రాలిపోయాయి. కరువు ప్రాంతాలకు రైలు వేయాలని 1880 నాటి కరువు కమిషన్ గట్టిగా చెప్పింది. అలా బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే పేరుతో గుంతకల్లు నుంచి బెజవాడ వైపు మీటరు గేజి లైను, అంటే పట్టాల మధ్య మీటరు దూరం ఉండే లైను పడింది. 1890 కల్లా ఈ ప్రాంతంలో బండ్లు తిరుగుతున్నాయి. నడిపే బాధ్యత సదరన్ మరాఠా కంపెనీది. అంటే ఈ లైను లాభం లెక్క చూసి వేసింది కాదు, ఆకలి చూసి వేసింది. ఈ మాట తర్వాతి రోజుల్లో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

ఇక స్టేషన్లు. తర్లుపాడు, గజ్జలకొండ, కురిచేడు, దిగువమెట్ట లాంటి పేర్లు వరుసగా చదివితే, ఇంత దగ్గర దగ్గరగా ఎందుకు కట్టారా అనిపిస్తుంది. ఊళ్ల కోసం ఒక్కటే కాదు. ఒంటి లైను మీద ఎదురెదురుగా వచ్చే బండ్లు తప్పుకోవాలంటే మధ్యలో ఒక బండి పక్కకు తప్పుకునే లూప్ లైను ఉండాలి. ఆవిరి ఇంజనుకు దారిలో నీళ్లు పట్టాలి. పక్క స్టేషన్ ఒప్పుకుంటే తప్ప బండిని వదలకూడదు. ఆ ఒప్పుకోలుకు గుర్తుగా టోకెన్ ఉండేది. స్టేషన్ మాస్టర్ మిషన్‌లోంచి టోకెన్ తీసి తోలు సంచిలో పెట్టేవాడు. సంచికి బెత్తం చుట్టలాంటి పెద్ద రింగు ఉండేది. పట్టాలు మార్చే పాయింట్స్‌మ్యాన్ దాన్ని ఎత్తి పట్టుకుని లైను పక్కన నిలబడేవాడు. బండి ఆగకుండా పోతుంటే ఇంజనులోని మనిషి వంగి, చెయ్యి రింగులో దూర్చి లాక్కునేవాడు. పాత టోకెన్‌ను కిందికి విసిరేవాడు. రాత్రి వానలోనూ ఇదే పని. ఇందుకే జనం తక్కువ ఎక్కే స్టేషన్‌లోనూ మాస్టరు, పోర్టర్లు, వాళ్ల కుటుంబాలు ఉండేవి. వాళ్లు ఉన్నారు కాబట్టి లాంతరు, టీ బంకు, టికెట్టు కిటికీ ఉండేవి.

దొనకొండ ఈ వ్యవస్థకు పెద్దదిక్కు. ఇంజన్లు నిలిపి బాగుచేసే లోకో షెడ్డు, రైల్వే క్వార్టర్లు, ఆసుపత్రి, బడి అన్నీ అక్కడే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల కోసం రన్‌వే కూడా వేశారు. రైలు పనితోనే ఒక ఊరు ఎదగడం ఈ జిల్లాలో ఇంకెక్కడా ఇంతలా కనిపించదు.

తర్వాత ఒక్కో అవసరం జారిపోయింది. డీజిల్ ఇంజన్లు రాగానే నీళ్లు, బొగ్గు పని పోయింది, దొనకొండ షెడ్డు కళ తప్పింది. 1980లలో రైల్వే కొద్దిపాటి సరుకు బుకింగులు తగ్గించి, బండి మొత్తం ఒకే సరుకుతో నిండే ఫుల్ రేక్‌ల మీద దృష్టి పెట్టింది. మార్కాపురం పలకలు, మిరప బస్తాలు, నల్లమల వెదురు లాంటి చిల్లర సరుకు లారీలకు మళ్లింది. చిన్న స్టేషన్లకు సరుకు రాబడి పోయింది.

1990లలో గేజ్ మార్పిడి వచ్చింది. పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్ల నుంచి 1676 మిల్లీమీటర్లకు పెరిగింది. ఇది జరగాల్సిన పనే. గేజి మారేచోటల్లా సరుకు దించి ఎక్కించే గొడవ పోయింది, దూరపు బండ్లు వచ్చాయి. నల్లమలలో దొరబావి వంతెన మీదుగా వెళ్లే పాత దారిని వదిలి కొత్త దారి వేశారు. కానీ పని జరిగినన్నాళ్లూ జనం బస్సులకు, ఆటోలకు అలవాటు పడ్డారు. తిరిగి వచ్చిన రైళ్లలో ఎక్స్‌ప్రెస్‌లే ఎక్కువ. సిబ్బంది లేని చోట్ల కమిషన్ మీద టికెట్లు అమ్మే ఏజెంటు మిగిలాడు.

2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతటా ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి. తిరిగి మొదలైనప్పుడు చాలా వాటిని ఎక్స్‌ప్రెస్‌ స్పెషల్ అన్నారు. 10 రూపాయల కనీస చార్జీ 30 అయింది. ఎక్కేవాళ్లు తక్కువున్న హాల్టులను టైంటేబుల్‌లోంచి తీసేశారు. చార్జీ 2024 ఫిబ్రవరిలో తగ్గింది. పోయిన హాల్టులన్నీ మాత్రం తిరిగి రాలేదు. బండి ఆపకపోతే జనం రారు, జనం రాలేదని బండి ఆపరు. ఈ లెక్కలో ఊరివాళ్ల తప్పేముందో నాకు అర్థం కాదు. కూలికి పోయే మనిషికి, కాలేజీ పిల్లకు 10 రూపాయల ప్రయాణం ఉండటం, పోవడం ఒకటి కాదు.

ఇప్పుడు గుంటూరు–గుంతకల్లు డబ్లింగ్, అంటే రెండో లైను వేసే పని నడుస్తోంది. 401 కిలోమీటర్లు, 2016–17లో మంజూరైనప్పుడు అంచనా 3,631 కోట్లు. అందులో సగం రాష్ట్రం వాటా. రెండో లైను పడితే ఎదురుబండి కోసం ఆగే పని ఉండదు. చిన్న స్టేషన్ నిలబడ్డ చివరి సాంకేతిక కారణం కూడా అదే. ఇక మిగిలేది ప్రయాణికుడు ఒక్కడే. అందుకే డబ్లింగ్‌తో పాటే పొద్దున ఒక ప్యాసింజరు, సాయంత్రం ఒక ప్యాసింజరు ప్రతి చిన్న స్టేషన్‌లో ఆగేలా టైంటేబుల్‌లో రాయించుకోవాలి. దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి కొత్త లైను కూడా వస్తోంది. అక్కడ మిగతా స్టేషన్లు కట్టేముందే ఈ మాట అడగాలి.