శ్రమలు (కష్టాలు), నిరీక్షణ (దేవునిలో ఆశ): విశ్వాసుల మధ్య తిరిగే కొన్ని అపోహలు

పాస్టర్‌గా నేను ఎక్కువగా వెళ్ళేది హాస్పిటల్ వార్డులకూ, ఎవరో పోయిన ఇళ్ళకూ. అక్కడ బాధ ఒక్కటే కాదు, బాధ గురించి చుట్టూ ఉన్నవాళ్ళు అనే మాటలు కూడా మనుషుల్ని నలిపేస్తుంటాయి. మంచి మనసుతోనే అంటారు, బైబిల్ మాటే అనుకుని అంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కష్టం వచ్చిందంటే ఎక్కడో పాపం దాగి ఉంది.

వాస్తవం: బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు ఉన్నాడు. అతని స్నేహితులు వాదించింది సరిగ్గా ఇదే. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా నిందే. యోబు గ్రంథం చివరి అధ్యాయంలో దేవుడు కోపగించుకున్నది వాళ్ళ మీద, యోబు మీద కాదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదన్నాడు యేసు. యెరూషలేములో సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావాళ్ళకంటే పాపులు కారనీ చెప్పాడు. నిజమే, కొన్ని కష్టాలు మన పనుల వల్లే వస్తాయి. తాగుడు ఇల్లు కూలుస్తుంది. అంతమాత్రాన ఒకరి కష్టాన్ని చూసి వాళ్ళ పాపాన్ని లెక్కగట్టే అధికారం మనకు లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని పట్టుకుని "దేవుని దగ్గర ఒప్పుకోవాల్సింది ఏమైనా ఉందేమో చూసుకోమ్మా" అనడం ఆదరణ కాదు, క్రూరత్వం.

అపోహ: నిజమైన విశ్వాసి ఏడవడు.

వాస్తవం: చనిపోయిన స్నేహితుడు లాజరును బతికించబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. కీర్తనల గ్రంథం విలాపాలతో నిండి ఉంది. 88వ కీర్తనైతే చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా లేదు. అయినా అది ప్రార్థనే. థెస్సలొనీక సంఘానికి అపొస్తలుడైన పౌలు దుఃఖపడొద్దని రాయలేదు, నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖపడొద్దని రాశాడు. సమాధి దగ్గర ఏడుస్తున్నవాళ్ళను "సాక్ష్యం పోతుంది, ఊరుకోండి" అని దయచేసి ఆపకండి.

అపోహ: మోయలేనంత భారం దేవుడు పెట్టడు.

వాస్తవం: దీనికి ఆధారంగా చూపే 1 కొరింథీయులు 10:13లో పౌలు చెప్పేది పాపంలోకి లాగే శోధన గురించి. అదే పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో, ఆసియాలో శక్తికి మించిన భారంతో కుంగిపోయి బతుకు మీదే ఆశ వదులుకున్నామని రాశాడు.

అపోహ: నిరీక్షణ అంటే త్వరలోనే అంతా చక్కబడుతుందని నమ్మడం.

వాస్తవం: అందరూ గోడకు తగిలించుకునే యిర్మీయా 29:11 (మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే, హానికి కాదు అని దేవుడు చెప్పే వచనం) బబులోనులో చెరలో ఉన్నవాళ్ళకు రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే 70 ఏళ్ళ మాట ఉంది. అంటే, అది విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అని వాళ్ళకు చెప్పాడు దేవుడు. మన నిరీక్షణకు ఆధారం ఈ నెల రిపోర్టులు కాదు, క్రీస్తు పునరుత్థానం. తిరిగి లేచిన ఆయన చేతుల్లోనూ మేకుల గుర్తులున్నాయి.

మరి ఈ కష్టానికి అర్థమేంటని అడుగుతారు. యోబుకు కారణం చివరిదాకా తెలియలేదు. కాబట్టి ఎవరి బాధకైనా సరే, నేను కారణం చెప్పను. కానీ ఒకటి పదే పదే చూశాను. ఆదరణ పొందినవాళ్ళే మరొకరి మంచం పక్కన కూర్చోగలుగుతున్నారు. 2 కొరింథీయులు 1:4 చెప్పేదీ అదే. అది బాధను మంచిది చేయదు, వృథా మాత్రం కానివ్వదు.

అపోహ: డిప్రెషన్‌కు మందులు వాడటం అవిశ్వాసం.

వాస్తవం: చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవుడు మందలించలేదు. ముందు నిద్ర, రొట్టె, నీళ్ళు, మళ్ళీ నిద్ర. మాట్లాడింది ఆ తర్వాతే. పౌలుతో ఉన్న లూకా వైద్యుడు. బతకాలని లేదని ఎవరైనా చెబితే ప్రార్థన చేయండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్ళండి. ఆ రాత్రి వాళ్ళను ఒంటరిగా వదలకండి.