న్యూక్లియర్ స్కాన్ గురించి మన జిల్లాల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

నల్లగొండ, నాగర్‌కర్నూల్ వైపు నుంచి హైదరాబాదులో మా న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి (రేడియోధార్మిక మందును కొద్దిగా సూదితో ఇచ్చి స్కాన్ తీసే చోటికి) వచ్చేవారిలో చాలామంది, అనుమతి పత్రంలో 'రేడియోధార్మిక' అనే మాట చూడగానే సంతకానికి జంకుతారు. పెద్దగట్టులోనూ, 2019లో అమ్రాబాద్‌లోనూ యురేనియం తవ్వకాల ప్రతిపాదనలపై ఊళ్లకు ఊళ్లే కదిలిన నేల కనుక ఆ జంకును నేను తప్పుపట్టను.

అపోహ: సూదిలో ఇచ్చేది యురేనియం లాంటిదే, ఒంట్లోనే ఉండిపోతుంది.

వాస్తవం: ఎక్కువ స్కాన్లలో వాడేది టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం. యురేనియం-238 సగానికి తగ్గడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు పడితే, దీనికి 6 గంటలు చాలు. మూత్రంలో పోయేది లెక్కించకపోయినా, 24 గంటలకు పదహారో వంతే మిగులుతుంది. ఇంత త్వరగా తరిగిపోయేదాన్ని నిల్వ పెట్టుకోలేము కాబట్టి, సీసపు కవచంలోని జనరేటర్ అనే పరికరంలో మాలిబ్డినం-99 అనే మరో రేడియోధార్మిక పదార్థం నుంచి పుట్టిన టెక్నీషియంను ఉదయాన్నే సెలైన్‌తో సేకరించి, ఏ అవయవాన్ని చూడాలో దానికి తగిన మందుతో కలుపుతాము. చెప్పిన సమయానికి రమ్మని మేము పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: యంత్రం కింద ఎంతసేపు పడుకుంటే అంత రేడియేషన్.

వాస్తవం: గామా కెమెరా ఏ కిరణాలనూ వదలదు, మీ ఒంటి నుంచి వచ్చేవాటిని అందుకుంటుంది, అంతే. బోన్ స్కాన్ (ఎముకల స్కాన్) మోతాదు సుమారు 4 మిల్లీసీవర్టులు (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం). ప్రకృతి నుంచి మనిషికి ఏటా అందేది ప్రపంచ సగటున 2.4. పెట్-సీటీ అనే మరో రకం స్కాన్‌లో సీటీ ఎక్స్-రేలు కూడా తోడవుతాయి కనుక అక్కడ మోతాదు ఎక్కువ.

అపోహ: బోన్ స్కాన్‌లో నల్లగా కనిపించిందంటే క్యాన్సరే.

వాస్తవం: ట్రేసర్ (సూదిలో ఇచ్చే రేడియోధార్మిక మందు) క్యాన్సర్‌ను గుర్తుపట్టదు, ఎముక ఎక్కడ చురుకుగా కొత్తగా కట్టుకుంటోందో అక్కడ ఎక్కువగా చేరుతుంది. విరిగి అతుక్కుంటున్న ఎముక, కీళ్ల అరుగుదల, ఇన్‌ఫెక్షన్ అన్నీ నల్లగానే కనిపిస్తాయి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల వారి విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారిలో అస్థిపంజరమంతా ట్రేసర్‌ను పీల్చుకొని, మూత్రపిండాలు కనిపించీ కనిపించకుండా పోవచ్చు. దీన్ని మేము 'సూపర్ స్కాన్' అంటాము. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలంతటా పాకినప్పుడూ ఇలాంటి చిత్రమే రావచ్చు. అందుకే మీ ఊరేదో, ఏ బోరు నీళ్లు ఎన్నేళ్లు తాగారో ముందే చెప్పండి, పాత ఎక్స్-రేలు వెంట తెచ్చుకోండి. ఇప్పుడు కృష్ణా నీళ్లే తాగుతున్నా, ఎముకలో చేరిన ఫ్లోరైడ్ అంత తొందరగా వదలదు.

అపోహ: ఈ సూది కిడ్నీలను దెబ్బతీస్తుంది.

వాస్తవం: ఇది సీటీ స్కాన్‌లో ఇచ్చే కాంట్రాస్ట్ మందు కాదు. పరిమాణం అత్యల్పం, కిడ్నీల పనితీరు కొలిచే డీటీపీఏ స్కాన్‌కు వాడేదీ ఇలాంటి ట్రేసరే.

అపోహ: స్కాన్ తర్వాత వారం రోజులు వేరే గదిలో ఉండాలి.

వాస్తవం: గదిలో విడిగా ఉంచేది థైరాయిడ్ క్యాన్సర్ చికిత్సకు అయోడిన్-131 పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు, అది సగానికి తగ్గడానికి 8 రోజులు పడుతుంది. బోన్ స్కాన్ అయినవారు ఆర్టీసీ బస్సులో ఇంటికి వెళ్లవచ్చు. ఆ రోజు నీళ్లు బాగా తాగాలి, మూత్రానికి వెళ్లినప్పుడల్లా ఫ్లష్ చేసి చేతులు కడుక్కోవాలి, పసిపిల్లలను ఎక్కువసేపు ఎత్తుకోకూడదు, గర్భిణులకు కాస్త ఎడంగా ఉండాలి. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ఆ మాట సూది వేయకముందే సిబ్బందికి చెప్పాలి. పాలివ్వడం ఎంతసేపు ఆపాలన్నది వాడే మందును బట్టి మారుతుంది.