లేహ్‌లో ఆ మూడు రాత్రులు ఎందుకు? లద్దాఖ్ ట్రెక్ గురించి అపోహలు - వాస్తవాలు

మార్ఖా లోయ ట్రెక్‌కు పేరు ఇచ్చేవారిలో చాలామంది మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "లేహ్‌లో మూడు రాత్రులు ఎందుకండీ? సెలవులు తక్కువ, ఒక్క రోజు చాలదా?" ఆ వెంటనే, మా అబ్బాయి హాఫ్ మారథాన్ పరిగెత్తాడనో, రోజూ పది కిలోమీటర్లు నడుస్తామనో చెబుతారు. తెలుగువారి బృందాలను లద్దాఖ్ కొండల్లో నడిపించడం నా వృత్తి. ఈ ఒక్క నమ్మకం చేసినంత కీడు మరే అపోహా చేయగా నేను చూడలేదు కనుక, దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: ఒంట్లో సత్తువ ఉంటే ఎత్తు ఏమీ చేయదు.

హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంటే, లేహ్ పట్టణం 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఢిల్లీలో విమానం మారి ఈ తేడాను ఒక్క పూటలో దాటేస్తాం. గాలిలో ఆక్సిజన్ వాటా అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. 5,500 మీటర్ల దగ్గర అది సముద్రతీరంలో ఉన్నదానిలో సుమారు సగం. ఆ లోటు పూడ్చుకోవడానికి ఊపిరి వేగం పెరుగుతుంది, దానితో రక్తంలో క్షారగుణం పెరుగుతుంది, దాన్ని మూత్రపిండాలు సరిదిద్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. లేహ్‌లో ఆ మూడు రాత్రులు అందుకే. కండబలానికి ఈ పనిలో పాత్ర లేదు. నిజానికి బలమున్నవారికే ఎత్తు జబ్బు ముప్పు ఎక్కువగా కనిపిస్తుంది. ఎందుకంటే వారు వేగంగా ఎక్కేస్తారు, తలనొప్పిని లెక్కచేయరు, నలుగురిలో చెప్పుకోవడం చిన్నతనంగా భావిస్తారు.

ఒక వేసవిలో మా బృందంలో ఒక తండ్రీ కొడుకూ ఉన్నారు. తండ్రి అరవై దాటిన మనిషి. అందరికంటే వెనక నడుస్తూ, తల బరువుగా ఉన్నా ఆకలి తగ్గినా వెంటనే చెప్పేవారు. కొడుకు పరుగు పందేల్లో పాల్గొనే యువకుడు. హంకర్ గ్రామంలో మొదలైన తలనొప్పిని ఎవరికీ చెప్పకుండా నొప్పి మాత్రలతో అణచుకుంటూ, 4,800 మీటర్ల ఎత్తున ఉన్న నిమాలింగ్ విడిది చేరాడు. ఆ రాత్రి భోజనాల డేరాలో చెంచా రెండుసార్లు జారవిడిచాడు. బయటికి పిలిచి, నేలమీద కర్రతో గీత గీసి, ఒక కాలి వేళ్లకు మరో కాలి మడమ ఆనిస్తూ నడవమన్నాను. నాలుగో అడుగు గీత బయట పడింది. "ఏం లేదన్నా, చీకటి కదా, నేల సరిగ్గా లేదు" అన్నాడు. అదే గీతమీద వాళ్ల నాన్నగారు తడబడకుండా నడిచారు.

అది ఎత్తు వల్ల వచ్చే మెదడు వాపు లక్షణం. తెల్లవారే దాకా ఆగే వ్యవహారం కాదు. ఆక్సిజన్, వాపు తగ్గించే డెక్సామెథాసోన్ మందు ఇచ్చి, గుర్రం మీద కూర్చోబెట్టి, ఆ రాత్రే హంకర్‌కు దించాం. దాదాపు 800 మీటర్లు దిగాక, తెల్లవారేసరికి మాట స్పష్టమైంది. బయలుదేరేముందు బృందంలో ఒకరు "రేపు కనుమ దాటేస్తే అటువైపు అంతా దిగుడే కదా" అన్నారు. సదుద్దేశంతోనే అన్నా, ప్రాణాలు తీసే సలహా అది. ఆ దిగుడు మొదలవ్వాలంటే ముందు 5,200 మీటర్లకు పైనున్న ఆ కొంగ్మారు లా కనుమ ఎక్కాలి. జబ్బు మనిషిని ఒక్క మీటరు కూడా పైకి తీసుకెళ్లకూడదు.

3,000 మీటర్లు దాటాక నిద్రపోయే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దనేది వైద్యుల సూచన. హంకర్ నుంచి నిమాలింగ్‌కు నేరుగా వెళితే ఆ హద్దు దాటిపోతుంది. మధ్యలో తాచుంగ్‌త్సేలో ఒక రాత్రి ఆగమనేది అందుకే. ఆ రాత్రి తీసేస్తే డబ్బు తగ్గుతుందని చూపించే ప్రయాణ పట్టికను నమ్మవద్దు.

మిగిలిన అపోహల గురించి క్లుప్తంగా చెబుతాను. కర్పూరం వాసన చూస్తే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుందే తప్ప గాలి పీడనం మారదు. చేతిలో పట్టే ఆక్సిజన్ డబ్బా నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర జబ్బును కప్పిపుచ్చుతుందన్న పుకారును దయచేసి వ్యాప్తి చేయకండి. అది మూత్రపిండాలు చేసే సర్దుబాటునే త్వరపెడుతుంది. సల్ఫా మందులు పడనివారు మాత్రం ముందుగా వైద్యుణ్ని సంప్రదించాలి.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరులో 88 చూసి రాత్రంతా నిద్రపోని తల్లులను చూశాను. అమ్మా, లేహ్‌లో తొలి రోజుల్లో ఆ అంకె సహజమే. కూర్చున్నచోటే ఆయాసం, ఆగని దగ్గు, తడబడే నడక, వీటిని గమనించండి. బీపీ మందు వాడేవారు దాన్ని సొంతంగా ఆపవద్దు. వైద్యుడు సరేనంటే నెమ్మదిగా నడిచే పెద్దవారు ఈ దారిలో నిశ్చింతగా నడవగలరు.

వెన్న టీ తాగితే ఎత్తు జబ్బు రాదనే మాటా తరచూ వింటాను. టిబెట్ పీఠభూమి ప్రజలకు ఆ తట్టుకునే శక్తి వేల ఏళ్లలో సంక్రమించిన జన్యువుల నుంచి, ముఖ్యంగా ఈపాస్1 అనే జన్యువు నుంచి వచ్చిందని 2010లో వెలువడిన పరిశోధనలు చూపాయి. ఉప్పు, వెన్న వేసి చిలికిన ఆ గుర్‌గుర్ టీని గౌరవంగా, ఇష్టంగా తాగండి, మందుగా కాదు. బార్లీతో చేసే ఛాంగ్ అనే స్థానిక మద్యం మాత్రం తొలి రోజుల్లో వద్దు, మద్యం నిద్రలో ఊపిరిని మందగింపజేస్తుంది. ఇంటివారు పోస్తామంటే ఉంగరపు వేలిని అందులో ముంచి మూడుసార్లు గాలిలోకి చిలకరించి, పెదవికి తాకించి, ఆపై గిన్నెమీద అరచేయి ఉంచితే చాలు. అది వారి మర్యాదే కనుక ఎవరూ నొచ్చుకోరు.

ఇక లేహ్‌లో ఆ రోజులు వృథా అనుకునేవారికి ఒక మాట. మొదటి రోజు గదిలోనే ఉండండి. రెండో రోజు బజారులో నెమ్మదిగా తిరగండి. మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చిన మణి గోడలు, చోర్టెన్లనే స్తూపాలు ఎదురైతే మన గుడిలో ప్రదక్షిణలాగే కుడిచేతి వైపు ఉంచి నడవండి. మూడో రోజు తెల్లవారుజామున కారులో థిక్సే గొంపాకు (బౌద్ధ మఠానికి) వెళ్లి ఉదయపు ప్రార్థనలో వెనక వరుసలో కూర్చోండి. టిబెటన్ బౌద్ధానికీ మన నేలకూ ఒక బంధం ఉంది. బుద్ధుడు కాలచక్రమనే తంత్ర బోధను ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి దగ్గర, బోధించాడని టిబెటన్ సంప్రదాయం చెబుతుంది. 2006 జనవరిలో దలైలామా ఆ దీక్షను మన అమరావతిలోనే ఇచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చామని చెప్పిన మా బృందంవారిని థిక్సేలో ఒక వృద్ధ భిక్షువు కదలనివ్వక, తాను అప్పుడు అమరావతికి వచ్చిన సంగతులన్నీ హిందీలో చెప్పుకొచ్చారు. ఖర్దుంగ్ లా కనుమ దాదాపు 5,360 మీటర్ల ఎత్తు; రెండో రోజే కారెక్కి అక్కడికి పరుగెత్తవద్దు. దాన్ని ట్రెక్ ముగిశాక, శరీరం అలవాటు పడ్డాక పెట్టుకోండి.