రథసప్తమి దాటింది, గింజలు తీయండి

పిల్లలూ,

పలాస దగ్గర ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి ఒక ప్రశ్న పంపింది. "తాతయ్యా, వసంతం రాగానే గింజలు నాటాలని పుస్తకంలో ఉంది. మా పెరట్లో అప్పటికి నేల గట్టిపడిపోతుంది. మా నాన్నేమో వానలొచ్చేదాకా ఆగమంటాడు. ఎవరి మాట వినాలి? ఇంకోటి, గింజని ఎంత లోతులో పెట్టాలి?"

అమ్మా, మీ నాన్న మాట మొక్కల విషయంలో నూటికి నూరుపాళ్లు నిజం. మామిడి, పనస, కొబ్బరి మొక్కలు నాటాలంటే తొలకరి దాకా ఆగాల్సిందే. కంద, పెండలం, పసుపు దుంపలకీ ఇంకా వేళ కాలేదు. పుస్తకంలోని వసంతం చలిదేశాలది. అక్కడ శీతాకాలమంతా గడ్డకట్టిన నేల అప్పుడే మెత్తబడుతుంది. మన శ్రీకాకుళంలో నేల ఎప్పుడు గడ్డకట్టింది గనక! పొద్దున్న మంచు పలచబడి, రాత్రి కప్పుకున్న దుప్పటి తెల్లారేసరికి కాళ్ల దగ్గర ఉంటే చాలు, తీగపాదులకి వేళయినట్టే. పంచాంగంలో వసంతం ఉగాదితో మొదలవుతుంది. పెరటికి మాత్రం అరసవల్లి రథసప్తమితోనే మొదలవుతుందని నా లెక్క. ఉగాది దాకా ఆగితే మొలక ఇంకా లేతగా ఉండగానే ఎండ దాని మీద పడుతుంది. ఇప్పుడే పెడితే, గాడ్పులు వీచే వేళకి తీగ పందిరెక్కి, తన ఆకుల నీడని తన మొదట్లోనే పరుచుకుంటుంది.

అందుకని ఇప్పుడు ఆనప, బీర, కాకర, దోస, గుమ్మడి పాదులు పెట్టండి. బెండ వరసగా వేయండి. ఓ మూల తోటకూర, గోంగూర చల్లండి. వంగ, టమాటా కావాలంటే నారు పోసుకోవాలి, లేదా ఎవరి దగ్గరైనా నాలుగు మొక్కలు అడిగి తెచ్చుకోవాలి. అడగడానికి సిగ్గుపడకండి. నారు పోసినవాళ్ల దగ్గర ఎప్పుడూ మిగులుతుంది, ఇవ్వడమే వాళ్లకీ ఇష్టం.

చిక్కుడు మాత్రం ఇప్పుడు వేయకండి. పందిరి చిక్కుడు పొద్దు చూసి పూస్తుంది. డిసెంబరులో మనకి పగలు పదకొండు గంటలే. జూన్‌లో పదమూడు దాటుతుంది. మన పాతకాలపు చిక్కుడు రకాలకి పొట్టి పగళ్లు కావాలి. ఇప్పుడు పెడితే తీగ ఇల్లంతా పాకుతుంది, ఆకులు కోసుకోవచ్చు, కాయ ఒక్కటీ ఉండదు. రథసప్తమి నాడు చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి నైవేద్యం చేశారు కదా, ఆ పాదులో చివరి కాయలు కొన్ని కోయకుండా వదిలేయండి. బాగా ఎండాక ఆ గింజలు దాచి వానాకాలంలో పెట్టండి.

ఇక లోతు సంగతి. దీనికి మా తాత కథ చెప్పాలి.

మా తాత కుర్రతనంలో రంగం వెళ్లాడు. ఇప్పటి యాంగోన్. ఆ రోజుల్లో మన వైపు పల్లెల నుంచి వేలమంది ఓడెక్కి కూలికి వెళ్లేవారు. 1942లో జపాను వాళ్లు రంగం పట్టుకున్నప్పుడు ఎందరో అడవుల్లో పడి నడిచి వచ్చారు. మా తాత అంతకు ముందే వచ్చేశాడు, ఆ కథ ఇంకోసారి. ఆయన బయల్దేరిన రోజు వాళ్లమ్మ ఒక మూట కట్టిచ్చిందట. అటుకులు, బెల్లం, వేపిన సెనగలు. ఓడ దిగి, పని దొరికి, మొదటి కూలి డబ్బులు చేతిలో పడేదాకా ఆ మూటే ఆయనకి దిక్కు.

దాదాపు ప్రతి గింజా అలాంటి మూట చంకన పెట్టుకునే బయల్దేరుతుంది. పలాస పిల్లవి, నీకు నేను చెప్పాలా? మీ వైపు జీడిపిక్క కొట్టి, పొట్టు తీసి, గుండు పప్పు వేరు, బద్ద వేరు చేస్తారు కదా. ఒక గుండు పప్పుని మెల్లగా విడదీసి చూడు. రెండు బద్దల మధ్య, ఒక కొసన, చిన్న ముక్కు కనిపిస్తుంది. ప్రయాణికుడు అదే. బద్దలు రెండూ వాళ్లమ్మ కట్టిచ్చిన మూట. మనం కిలోల లెక్కన అమ్మేదీ, పాయసంలో వేసుకునేదీ ఆ మూటనే. వేరుశనగలోనూ ఇంతే.

ఇప్పుడు లోతు నువ్వే చెప్పగలవు. మూట చిన్నదైతే ప్రయాణం చిన్నదిగా ఉండాలి. తోటకూర గింజలు గ్రాముకి వెయ్యికి పైగా తూగుతాయి. అంత చిన్న మూటతో రంగం వెళ్లగలదా? పక్క వీధికి వెళ్లేసరికే అయిపోతుంది. లోతుగా పూడిస్తే వెలుతురు చేరకముందే తిండి అయిపోయి దారిలోనే పడిపోతుంది. అందుకని దాన్ని ఇసకలో కలిపి పైపైన చల్లి, చేత్తో నేలని ఒక్కసారి సవరిస్తే చాలు. బెండ, బీర గింజలు వేలి మొదటి కణుపు లోతు వెళ్లగలవు. ఏ గింజనైనా దాని మందానికి రెండు మూడింతల లోతులో పెడితే తప్పు జరగదు.

గింజ పెట్టే గుంటలో పచ్చిపేడ వేయకూడదు. మూట ఉన్నవాడికి దారిలో విందు అక్కర్లేదు, మంచినీళ్లు ఇస్తే చాలు. పచ్చిపేడ వేడెక్కుతుంది, చెదల్ని పిలుస్తుంది. బాగా చివికిన గత్తం ఓ తట్టెడు తెచ్చి వారం ముందే మట్టిలో కలిపేస్తే, మూట అయిపోయే వేళకి వేళ్లకి అందుతుంది. కాకర గింజ మూటకి ముడి మరీ గట్టిది. రాత్రంతా నీళ్లలో నాననివ్వాలి. బెండగింజనీ ముందురోజు నానబెడితే నాలుగైదు రోజులకే పైకొస్తుంది. పాత గింజలు సగమే మొలుస్తాయంటారే, ఏళ్ల తరబడి అటకమీద ఉంటే మూటలో సరుకు పాడవకుండా ఎలా ఉంటుంది? పనసపిక్కది, మామిడి టెంకది మరో సంగతి. వాటి మూటలో ఉన్నది అటుకులు కాదు, పెరుగన్నం. పండు తిన్న కొద్దిరోజుల్లోనే పాతెయ్యాలి, దాచుకుంటే పనికిరాదు.

ఈ మూటని మరీ దూరం మోయిస్తున్నానని నవ్వుతున్నారేమో. ఇంకొంచెం మోయించి దించేస్తాను. ఆనపగింజ మొలిచినప్పుడు మొదట రెండు మందపాటి ఆకులు పైకొస్తాయి. అవి మామూలు ఆనపాకుల్లా ఉండవు. మూట మోసుకొచ్చిన బద్దలే అలా పచ్చబడి విచ్చుకుంటాయి. వాటి మధ్య నుంచి అసలాకు వచ్చి ఎండలో పని మొదలుపెడుతుంది. అదే మొదటి కూలి. సరిగ్గా ఆ మధ్యలోనే దొంగ వస్తాడు. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉండే పెంకుపురుగు. ఆ రెండాకుల్నీ చిల్లులు పెట్టి తినేస్తుంది. కూలి చేతికి రాకముందే మూట పోతే కుర్రాడి గతి ఏమిటి? పొద్దున్నే ఆకుమీద మంచు తడి ఉండగా పొయ్యిలోని చల్లటి బూడిద పలచగా చల్లండి. గ్యాస్ పొయ్యి ఇళ్లవాళ్లు ఎదురింటి వాళ్లని అడగండి. పురుగులు ఇంకా మత్తుగా ఉండే వేళ అది, చేత్తో ఏరెయ్యొచ్చు కూడా. మొక్క నాలుగైదు ఆకులు వేసిందంటే ఇక టెన్షన్ లేదు.

మా చిన్నప్పుడు గింజల కోసం బజారుకి వెళ్లడం నేను చూడలేదు. మా అమ్మ ఒక బీరకాయని తీగమీదే ముదరనిచ్చి, ఎండాక వాసానికి వేలాడదీసేది. ఊపితే లోపల గింజలు గలగలమనేవి. గుమ్మడి గింజలు, దోసగింజలు పేడలో కలిపి గోడకి చరిచేది. అవి అక్కడే ఎండిపోయేవి, పురుగు ముట్టేది కాదు. ముదిరిన ఆనపబుర్రలో గుజ్జు తీసి, ఆరబెట్టి, అందులో నాన్నకి చోడి (రాగి) అంబలి పోసి పొలానికి పంపేది. వేసవి మధ్యాహ్నాలు ఆ అంబలి ఎంత చల్లగా ఉండేదో! నాకూ మా అప్పకీ ఆ బుర్ర ఎవరు మోసుకెళ్లాలని రోజూ తగువే, ఎందుకంటే మోసినవాళ్లకి గట్టుమీద రెండు గుక్కలు ముందు దక్కేవి. తోటకూర గింజలు చల్లేటప్పుడు అమ్మ గుప్పెడు నూక కూడా కలిపేది. చీమలు ముందు నూకని మోసుకుపోతాయి, ఆ సందులో గింజలు బతికిపోతాయి. ఇప్పుడు ప్యాకెట్ల గింజలొచ్చాయి, మంచి కాపు కాస్తాయి, నేనూ కొంటాను. కానీ వాటిలో హైబ్రిడ్ రకాల కాయల్లోంచి గింజ తీసి మళ్లీ పెడితే తల్లి లక్షణాలు రావు. ఇంట్లో ఒక్క నాటు పాదైనా ఉంచుకుని, గింజలు పక్కింటికి పంచిపెట్టండి. మీ పాదు ఏ తుఫానుకో పోతే, పక్కింటి నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. 2018లో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనప్పుడు పెద్దచెట్లకి ఆ వీలు లేకపోయింది. కూరపాదులకి ఉంది.

వేసవిలో నీళ్లు మీ ఊళ్లోనూ కరువే కదా. ఒక పాత మట్టికుండ తీసుకోండి. రంగు వేసినదీ, మెరిసే పూత పూసినదీ వద్దు. పాదు మధ్యలో మెడ దాకా పాతి, చుట్టూ జానెడు దూరంలో గింజలు పెట్టండి. కుండనిండా నీళ్లు పోసి, దోమలు గుడ్లు పెట్టకుండా పైన మూకుడు మూసేయండి. మట్టి పొడిగా ఉంటే కుండ గోడల్లోంచి నీటిని లాగుతుంది. తడిగా ఉంటే లాగదు. అంటే ఎంత కావాలో నేలే అడిగి తీసుకుంటుంది, మీరు బకెట్‌తో హడావిడి పడనక్కర్లేదు. మొలిచేదాకా మాత్రం గింజల మీద చేత్తో నీళ్లు చిలకరించాలి. మొక్కల మొదళ్ల చుట్టూ ఎండుటాకులు పరిస్తే తడి ఇంకొన్నాళ్లు ఆగుతుంది. పాదుకి మూడు నాలుగు గింజలు పెట్టి, బలంగా ఉన్న రెండింటిని ఉంచి మిగతావి తీసేయండి. అది పిల్లలకి కష్టమైన పని, తెలుసు. తీసినవాటిని ఇంకో చోట పెట్టి చూస్తామంటారు. పెట్టండి, కాకపోతే తీగజాతికి వేరు కదిలితే పడదు.

"గింజకి పైకేదో కిందకేదో ఎలా తెలుస్తుంది?" అని మీలో ఎవరో ఒకరు అడగబోతున్నారు. పుస్తకాల్లో ఉన్న జవాబు నేనూ చదివాను. చదివాక కూడా నా ఆశ్చర్యం తగ్గలేదు, కాబట్టి మీకు చెప్పను. గాజుగ్లాసు లోపల తడిగుడ్డ చుట్టి, గుడ్డకీ గాజుకీ మధ్య వేరుశనగ గింజలు మూడు పెట్టండి. ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా, ఒకటి అడ్డంగా. గుడ్డ ఆరనివ్వకండి. వేరు ఎటు తిరుగుతుందో రోజూ బొమ్మ గీయండి.

ఏప్రిల్‌కి తీగలు పూస్తాయి. మొదట వచ్చేవన్నీ మగపూలే, రాలిపోతున్నాయని దిగులుపడకండి. తర్వాత వచ్చేవాటిలో కొన్నిటి వెనక చిటికెనవేలంత పిందె ఉంటుంది, అవి ఆడపూలు. గుమ్మడి, కాకర పొద్దున్నే పూస్తాయి. బీర సాయంత్రం ఐదు ప్రాంతంలో పసుపుపచ్చగా విప్పుకుంటుంది, ఆనప ఇంకా పొద్దుపోయాక తెల్లగా. పిందెలు పసుపెక్కి కుళ్లిపోతుంటే వాటి దగ్గరికి ఎవరూ రావడం లేదన్నమాట. అప్పుడు ఒక మగపువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. కానీ ముందు ఒక సాయంత్రం ఏమీ చేయకుండా పందిరి కింద కూర్చోండి. ఫోన్ ఇంట్లో పెట్టి రండి, టార్చి వేయకండి. బీరపూల మీద ఎవరు వాలారో, చీకటి పడ్డాక ఆనపపూల దగ్గరికి ఎవరొచ్చారో చూసి, ఎంతసేపు ఉన్నారో కూడా నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య