తమ్మె వేరు, పై అంచు వేరు

చెవులు కుట్టించడం మన ఇళ్లలో ఓ చిన్న పండగ. కంసాలి సన్నటి బంగారు తీగతో గుచ్చి కొసలు మెలిపెడతాడు, పాప కెవ్వుమంటుంది, నోట్లో ఇంత బెల్లం పెడతారు. తరతరాలుగా చూస్తున్నాం కాబట్టి చెవికి రంధ్రం పెద్ద విషయమేమీ కాదని అనుకుంటాం. తమ్మె వరకు ఆ నమ్మకం చాలావరకు చెల్లుతుంది. కాలేజీ పిల్లలు ఇప్పుడు సరదాపడి కుట్టించుకుంటున్న పై అంచు దగ్గర చెల్లదు.

తమ్మెను వేళ్లతో నలిపి చూడండి, మెత్తగా ఉంటుంది. అందులో ఉన్నది చర్మం, కొవ్వు, బోలెడన్ని సన్నటి రక్తనాళాలు. అవే వేళ్లను పైకి జరిపితే, వంచినా మళ్లీ నిలబడే గట్టి పలక తగులుతుంది. అది మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు. పైన అంటుకుని ఉన్న పల్చటి పొర నుంచే ఆక్సిజన్, పోషకాలు ఇంకుతాయి. ఆ రెంటికీ మధ్య చీము పట్టిందంటే సరఫరా ఆగిపోయి మృదులాస్థి చచ్చిపోతుంది, చెవి ముడుచుకుపోతుంది. ఆ తర్వాత ఆపరేషన్ చేయించుకున్నా పాత రూపు రావడం కష్టం.

ఇలాంటి ఇన్‌ఫెక్షన్‌కు తరచూ కారణమయ్యేది సూడోమోనాస్ అనే బాక్టీరియా. అది తడిలో, నీళ్లలో బతుకుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అమాక్సిసిలిన్ దాన్ని ఏమీ చేయలేదు. చెవి పైభాగమంతా ఎర్రగా, వేడిగా వాచి, ముట్టుకోనివ్వనంత నొప్పి పెడుతూ, మృదులాస్థి లేని తమ్మె మాత్రం మామూలుగా ఉందంటే అనుమానించాల్సింది దీన్నే. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. పోగును మీరే పీకెయ్యకండి, రంధ్రం పూడుకుపోయి చీము లోపలే ఉండిపోవచ్చు.

పై అంచును చెవులు కుట్టే గన్‌తో కుట్టించుకోవద్దని గట్టిగా చెబుతాను. గన్ మొద్దు కొనను బలంగా తోస్తుంది, మృదులాస్థి చుట్టూ నలిగి చిట్లుతుంది. పైగా చాలా గన్‌లకు ప్లాస్టిక్ భాగాలుంటాయి, వాటిని ఆటోక్లేవ్‌లో, అంటే వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో పెట్టడం కుదరదు. స్పిరిట్‌తో తుడిస్తే హెపటైటిస్ బి వైరస్ పోతుందన్న భరోసా లేదు. సూదితోనే కుట్టించుకోండి. కొత్త బోలు సూది కవరు మీ కళ్లముందే చింపాలి, కుట్టేవాళ్లు చేతులకు కొత్త గ్లౌజులు వేసుకోవాలి. అడగడానికి మొహమాటపడకండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా చూసుకోండి. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా గాయం మానాక గడ్డలా పెరిగే కెలాయిడ్ ఉన్నవాళ్లు ముందుగా డాక్టరును అడగాలి.

గిల్టు పోగు వద్దు. అందులో నికెల్ ఉంటే పచ్చి గాయం ద్వారా ఎలర్జీ మొదలవుతుంది. ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, జీన్స్ గుండీ తగిలినా బొడ్డు దగ్గర దురద పెడుతుంది. శరీరంలో అమర్చే రకం టైటానియం మంచిది.

ఇంటికొచ్చాక చేయాల్సింది తక్కువే. సబ్బుతో చేతులు కడుక్కుని, మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డను రోజుకు ఒకట్రెండుసార్లు అద్దాలి. పోగు చుట్టూ లేతపసుపు సొన ఎండి పక్కు కట్టడం మామూలే, అది చీము కాదు. గోటితో గిల్లకండి. పసుపు, కొబ్బరినూనె రాసి పోగు తిప్పుతూ ఉండమని నాయనమ్మలు ప్రేమతోనే చెబుతారు. కానీ రంధ్రం లోపలి గోడకు కొత్త చర్మం రెండు అంచుల నుంచి మధ్యకు పాకుతూ వస్తుంది, తిప్పిన ప్రతిసారీ అది చిరుగుతుంది.

అందుకే పైకి మానినట్టు కనిపించినా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. తమ్మెకు 6 నుంచి 8 వారాలు పడుతుంది. పై అంచుకు కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది. అప్పటిదాకా స్విమ్మింగ్ పూల్, చెరువు స్నానాలు, ఆ పక్కకి తిరిగి పడుకోవడం మానుకోవాలి. రెండు నెలల్లో ఇంట్లో పెళ్లి ఉంటే, అది అయ్యాకే కుట్టించుకోండి.